ఆటల పెట్టెకు ఒక అటక

"నాన్నా, కొత్త గేమ్ దిగడం లేదు, స్థలం లేదంటోంది!" వారాంతాల్లో మన ఇళ్ళలో తరచు వినబడే మాట ఇది. అన్న ఆట తీసేయాలా, తమ్ముడి ఆట తీసేయాలా అని వెంటనే తగవు మొదలవుతుంది. అది తీర్చలేక కొందరు కొత్త కన్సోల్ కొనడానికే సిద్ధపడతారు. చాలాసార్లు అంత ఖర్చు అవసరం లేదు. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డ్రైవ్‌తో పని జరిగిపోతుంది. అయితే దానితో ఏ పని అవుతుందో, ఏది కాదో ముందు తెలుసుకోవాలి. అంతకంటే ముఖ్యం, ఇంట్లో ఉన్న ఏ డ్రైవ్‌ను కన్సోల్‌కు తగిలించకూడదో తెలుసుకోవడం.

స్థలం ఎందుకు చాలదు?

2020 నవంబరులో వచ్చిన మొదటి ప్లేస్టేషన్ 5లో 825 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంది. సిస్టమ్ సాఫ్ట్‌వేర్ పోగా ఆటలకు మిగిలేది సుమారు 667 జీబీ. అదే నెలలో వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో 512 జీబీ ఉంటే మనకు దక్కేది సుమారు 364. ఈనాటి పెద్ద ఆటలు కొన్ని 100 జీబీ దాటుతున్నాయి. అలాంటివి మూడు పెట్టేసరికి సిరీస్ ఎస్ నిండిపోతుంది. ప్లేస్టేషన్ 5లో డిస్కు పెట్టి ఆడినా ఆట లోపలికి కాపీ కావలసిందే.

గట్టు, అటక

పిల్లలూ, ఊళ్ళో అమ్మమ్మగారి వంటిల్లు గుర్తు తెచ్చుకోండి. రోజూ వాడే పోపులపెట్టె పొయ్యి పక్కనే గట్టు మీద ఉంటుంది. పండగలకు మాత్రమే దించే పెద్ద గిన్నెలు పైకప్పు కింద ఉండే అటక మీద ఉంటాయి. కన్సోల్ లోపలి ఎస్‌ఎస్‌డీ గట్టు లాంటిది. ఎక్స్‌టర్నల్ హార్డ్ డ్రైవ్ అటక లాంటిది.

తేడా అంతా వేగంలో ఉంది. ప్లేస్టేషన్ 5 ఎస్‌ఎస్‌డీ సెకనుకు 5.5 జీబీ చదువుతుంది. హార్డ్ డ్రైవ్‌లో ఒక పళ్ళెం గిర్రున తిరుగుతుంటే దాని మీద ఒక చిన్న చేయి కదులుతూ చదవాలి. అందువల్ల సెకనుకు 100 ఎంబీ పైచిలుకు మాత్రమే వస్తుంది. మీ బొమ్మ పరుగెత్తుతుంటే ఎదుటి వీధిని అప్పటికప్పుడు చదివి చూపించాలి కదా! కొత్త ఆటలు ఎస్‌ఎస్‌డీ వేగాన్ని నమ్ముకుని తయారైనవి. అందుకే ఈ నియమాలు:

ప్లేస్టేషన్ 5: ప్లేస్టేషన్ 4 ఆటలను ఎక్స్‌టర్నల్ డ్రైవ్ నుంచే నేరుగా ఆడుకోవచ్చు. ప్లేస్టేషన్ 5 ఆటలను 2021 ఏప్రిల్ అప్‌డేట్ నుంచి అందులో దాచుకోవచ్చు, కాని ఆడాలంటే లోపలికి దించుకోవాలి.

ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్: ఇక్కడా అంతే. ఎక్స్‌బాక్స్ వన్ ఆటలు డ్రైవ్ నుంచే ఆడతాయి. ఈ కొత్త కన్సోళ్ళ కోసమే చేసిన ఆటలను దాచుకోవడం వరకే.

నింటెండో స్విచ్: దీనికి హార్డ్ డ్రైవ్ పనికిరాదు, మైక్రో ఎస్‌డీ కార్డు కావాలి. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2లో ఆటలకు మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే రకం మాత్రమే పనిచేస్తుంది.

"దాచుకుని ఏం లాభం?" అనకండి. సెకనుకు 100 ఎంబీ చొప్పున 100 జీబీ ఆటను లోపలికి దించడానికి సుమారు 17 నిమిషాలు పడుతుంది. అదే ఆటను సెకనుకు 100 మెగాబిట్ల ఇంటర్నెట్ మీద మళ్ళీ డౌన్‌లోడ్ చేస్తే రెండుంబావు గంటలు పడుతుంది. మీ ఇంటర్నెట్‌కు నెలవారీ పరిమితి ఉంటే అదీ ఖర్చవుతుంది.

ఇక అసలు జాగ్రత్త

కన్సోల్ ఆటల కోసం డ్రైవ్‌ను ఫార్మాట్ చేస్తే అందులో అంతకుముందు ఉన్నదంతా చెరిగిపోతుంది. మన ఇళ్ళలో సొరుగులో ఎక్కడో ఒక పాత డ్రైవ్ ఉంటుంది. అందులో పెళ్ళి ఫోటోలు, అన్నప్రాశన వీడియో, ఇప్పుడు మన మధ్య లేని తాతగారి గొంతు ఉండవచ్చు. ఆట పోతే మళ్ళీ దించుకోవచ్చు. తాతగారి గొంతు ఏ సర్వర్‌లోనూ దొరకదు. అందుకని ఆటలకు కొత్త డ్రైవే కొనండి. పిల్లలూ, తెర మీద "ఫార్మాట్" అనే మాట కనబడితే పెద్దవాళ్ళను పిలవకుండా నొక్కకండి.

చేసే పద్ధతి

1. యూఎస్‌బీ 3.0 లేదా అంతకు మించిన డ్రైవ్ తీసుకోండి. ప్లేస్టేషన్‌కు 250 జీబీ నుంచి 8 టీబీ లోపు ఉండాలి. ఎక్స్‌బాక్స్‌కు కనీసం 128 జీబీ కావాలి.

2. హబ్ వాడకుండా కన్సోల్ వెనుక యూఎస్‌బీలో నేరుగా తగిలించండి.

3. ప్లేస్టేషన్ 5లో సెట్టింగ్స్, స్టోరేజ్, యూఎస్‌బీ ఎక్స్‌టెండెడ్ స్టోరేజ్ వరుసలో వెళ్ళి ఫార్మాట్ చేయండి. ఎక్స్‌బాక్స్ అయితే తగిలించగానే తానే అడుగుతుంది.

4. అరుదుగా ఆడే ఆటలను అందులోకి మార్చండి.

5. తీసేముందు మెనూలో చెప్పి తీయండి. రాస్తుండగా లాగేస్తే ఆటలు పాడవుతాయి.

ఈ డ్రైవ్‌ను తరువాత కంప్యూటర్‌కు పెడితే "ఫార్మాట్ చేయమంటారా?" అని విండోస్ అడగవచ్చు. వద్దనండి.

దాటిన మెట్లు, గెలిచిన బహుమతులు పోతాయేమోనని పిల్లల బెంగ. ప్లేస్టేషన్‌లో ఆటను తీసేసినా, సేవ్ చేసినదాన్ని విడిగా చెరిపితే తప్ప అది కన్సోల్‌లోనే ఉంటుంది. ఎక్స్‌బాక్స్ ఇంటర్నెట్‌కు కలిసి ఉంటే దాన్ని క్లౌడ్‌లో కూడా దాస్తుంది. కనుక తమ్ముడి ఆట అటకెక్కినా తమ్ముడి కష్టం ఎక్కడికీ పోదు.

కొత్త ఆటలనే ఎక్కువ ఉంచుకుని ఆడాలంటే గట్టునే పెంచాలి. ప్లేస్టేషన్ 5లో 2021 సెప్టెంబరు నుంచి ఎం.2 ఎస్‌ఎస్‌డీ అమర్చుకోవచ్చు. ఎక్స్‌బాక్స్‌కు ప్రత్యేకమైన ఎక్స్‌పాన్షన్ కార్డు ఉంది. అంతే పరిమాణం ఉన్న హార్డ్ డ్రైవ్ కంటే వీటి ధర ఎక్కువ. కాబట్టి ముందు అటకతో సరిపోతుందేమో చూడండి.

చివరగా పిల్లలకు ఒక చిన్న పని. రెండు కాగితం ముక్కల మీద తెలుగులో "ఆటలు", "ఫోటోలు" అని గుండ్రంగా రాసి ఇంట్లోని డ్రైవ్‌లకు అంటించండి. ఏది దేనికో అందరికీ తెలుస్తుంది, బడిలో నేర్చిన అక్షరాలు ఇంట్లో పనికొస్తాయి.