కరువు కొరకు వేసిన రైలుబాట

పల్నాడు జిల్లాలో, నరసరావుపేటకును వినుకొండకును నడుమ శావల్యాపురము కలదు. గుంటూరునుండి గుంతకల్లు పోవు రైలుమార్గము ఈ యూరి మీదుగా సాగి, నల్లమల కొండలను దాటి నంద్యాల చేరును. దానిపై ప్రయాణించువారు దానిని అన్ని మార్గములవంటిదే యని తలతురు. కాని కృష్ణాతీరమునుండి బళ్లారివైపునకు ఈ బాటను వేయుటకు ముఖ్యకారణము కరువు.

1832-33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు సీమలో వానలు లేక ఘోరమైన కరువు వచ్చెను. అప్పటి జనసంఖ్య సుమారు 5 లక్షలు. అందులో లక్షన్నరనుండి రెండు లక్షల వరకు మరణించిరని అంచనా. దేశమున ఎక్కడను గింజ లేకపోయెనా? అట్లు కాదు, ఉన్నచోటినుండి లేనిచోటికి తెచ్చు సాధనము లేకపోయెను. ధాన్యము ఎద్దుబండ్లమీద రావలెను. వాన లేనిచో గడ్డి లేదు, దారిలోని చెరువులలో నీరు లేదు. బండి గమ్యము చేరకమునుపే ఎద్దులు కూలిపోవును. కరువు మనుష్యులకంటె ముందు పశువులను చంపును. ఎద్దులు పోయిన పిదప వాన కురిసినను నాగలి కదలదు.

1876-78లో వచ్చిన ధాత కరువు బళ్లారి, కర్నూలు, కడప సీమలను పీడించెను. అప్పటికే మద్రాసునుండి కడప, గుత్తి మీదుగా రైలు నడచుచుండెను. ఓడలలో వచ్చిన ధాన్యము స్టేషన్ల వరకు చేరెను. అచ్చటినుండి దూరపు పల్లెలకు చేర్చుటయే గండమయ్యెను.

మరియొక చిక్కు కూడ కలదు. కరువుపనులలో మట్టి మోయువానికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును, కొద్ది డబ్బును చాలునని రిచర్డు టెంపుల్ అను అధికారి నిర్ణయించెను. ఖర్చు తగ్గించుటయే ఆయన ఉద్దేశము. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్, ఆ తిండితో పనిచేయువాడు బ్రదుకజాలడని గట్టిగా వాదించెను. 1877లోనే కూలి పెంచవలసివచ్చెను. అప్పటికే ఎందరో క్షీణించిరి. చాలీచాలని సహాయమును పొదుపు అనుట న్యాయముకాదు.

తరువాత 1880లో కరువు కమిషను తన నివేదికను సమర్పించెను. పనిచేయగలవారికి పని, చేయలేని వృద్ధులకును రోగులకును ఉచితముగా అన్నము, రైతులకు విత్తనములకై అప్పులు, ఇవి కరువు నిబంధనలలో చేరినవి. రైలుమార్గములు వేయుటయు ఆ యోచనలోనిదే. శావల్యాపురము మీది బాట పందొమ్మిదవ శతాబ్ది ముగియకమునుపే పూర్తియై, వరి పండు డెల్టాను మెట్టసీమలతో కలిపెను.

అయినను రైలు ధాన్యమును తెచ్చినట్లే ధర ఎక్కువయున్న చోటికి తీసికొనిపోవుటయు కలదు. 1943లో వంగదేశమున రైళ్లున్నను ఇరువది లక్షలకు పైగా జనులు నశించిరి. అంగడిలో బియ్యమున్నను కొనుటకు చేతిలో డబ్బు లేనివానికి అది లేనట్లే. అందుచేతనే కరువుసహాయములో కూలికి ఇంత ప్రాధాన్యము. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన గ్రామీణ ఉపాధి హామీ పథకము, పని అడిగినవానికి పని ఇచ్చుట చట్టప్రకారము ప్రభుత్వ బాధ్యత యని అంగీకరించెను.

పల్నాటికి మాత్రము నీరు చాల ఆలస్యముగా వచ్చెను. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967లో కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ నీరు నరసరావుపేట, వినుకొండ ప్రాంతముల మెట్టభూములకు చేరి, ఒకనాడు ధాన్యమునకై ఎదురుచూచిన సీమలో వరి పండించెను.