ఫర్మానాలో ఒక్క షరతు

దోమ అనే ఊరి నుంచి వికారాబాద్‌కు బస్సెక్కి, అక్కడి అనంత పద్మనాభ కళాశాలలో డిగ్రీ పూర్తిచేసిన పిల్లల పట్టా మీద ఉండే పేరు ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఓయూ అనగానే ధర్నాలు, హాస్టళ్లు, ఆర్ట్స్ కాలేజీ మెట్లు గుర్తుకొస్తాయి. అసలు కథంతా మొదలైంది మాత్రం ఒక కాగితంతో. 1917 ఏప్రిల్ 26న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ విశ్వవిద్యాలయం పెట్టాలంటూ జారీచేసిన ఫర్మానా అది.

దాని వెనక నిజాం సర్కారు అధికారి అక్బర్ హైదరీ ఉన్నాడు. అప్పట్లో నిజాం కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. పరాయి భాషలో చదువంటే పిల్లల తెలివంతా బట్టీకే పోతోందని ఆయన వాదన. నిజాం ఒప్పుకున్నాడు. పాత విద్యలోని మంచినీ కొత్త విద్యలోని మంచినీ కలపాలన్నాడు. బోధన ఉర్దూలో సాగాలి, ఇంగ్లిషు మాత్రం ఒక భాషగా అందరూ తప్పనిసరిగా నేర్వాలి. మద్రాసు, బొంబాయి, కలకత్తాలు ఇంగ్లిషులోనే పాఠాలు చెబుతున్న రోజుల్లో ఇది మామూలు తెగువ కాదు.

పుస్తకాలేవీ? అదే ఏడాది అనువాద విభాగం పెట్టి మౌల్వీ అబ్దుల్ హక్ చేతికిచ్చారు. పండితులు కూర్చుని శాస్త్ర పదాలు తయారుచేశారు. చివరికి వైద్యం కూడా ఉర్దూలోనే చెప్పారు. మన భాషలో పైచదువులు కుదరవనేవాళ్లకు ఇంతకన్నా జవాబేం కావాలి!

అయితే ఆ ఉర్దూ ఎవరిది? హైదరాబాద్ సంస్థానంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లు. ఉర్దూ మాతృభాషగా ఉన్నవాళ్లు పదిమందిలో ఒకరు. తాండూరు బజారులో బేరమాడేందుకు సరిపోయే ఉర్దూతో భౌతికశాస్త్రం గట్టెక్కదు. దోమ రైతుబిడ్డకు ఇంగ్లిషు గోడ తీసేసి మరో గోడ కట్టినట్టే అయింది. ఫర్మానా వాదన నిజమే, అది తెలుగు దాకా రాకపోవడమే పేచీ.

మిగతా చరిత్ర గబగబా: 1918లో స్థాపన, 1919 ఆగస్టు 28న గన్‌ఫౌండ్రీలోని అద్దె భవనంలో తరగతులు. 1938లో వందేమాతరం పాడినందుకు బహిష్కరణకు గురైన విద్యార్థుల్లో చాలామందిని నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. వాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. 1948 పోలీసు చర్య తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లిషు వచ్చింది. 1969లోనూ 2009లోనూ తెలంగాణ ఉద్యమానికి ఈ క్యాంపస్సే కేంద్రం.

అటు కాంగోలో
పోల్చి చూస్తే, బెల్జియం పాలనలోని కాంగోలో లోవానియం విశ్వవిద్యాలయం 1954లో మొదలైంది. నేటి కిన్షాసా విశ్వవిద్యాలయానికి మూలం అదే. అక్కడ పాఠాలు ఫ్రెంచిలో. స్థానిక భాషకు చోటిచ్చే ఫర్మానా వాళ్లకు దొరకలేదు.

భవనం సంగతి
ఓయూ ఆర్ట్స్ కాలేజీ వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ కూడా బెల్జియం మనిషే. కైరో దగ్గర హీలియోపొలిస్ నగర నిర్మాణంలో పనిచేశాడు. ఆర్ట్స్ కాలేజీ కట్టడానికి ముందు నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసొచ్చారు. 1934లో శంకుస్థాపన, 1939 డిసెంబరు 4న ప్రారంభం. తరగతులు మొదలయ్యాక సొంత గొడుగు కోసం ఇరవై ఏళ్లు ఆగారన్నమాట.