కావడి బరువు కొలిచేదెట్లా?

మోసేవానికి తెలుసు కావడి బరువు అని మన పెద్దలు అన్నారు. ఆ బరువు పక్కవారికి కూడా తెలిసే ఉపాయం ఏదైనా ఉన్నదా? ఉన్నదనే నేటి వైద్యులు అంటున్నారు. ఒక అరుదైన శ్వాసకోశ వ్యాధిని ఉదాహరణగా తీసుకొని ఆ సంగతి పాఠకులకు మనవి చేస్తున్నాము.

మన ముక్కులోను, ఊపిరితిత్తుల గొట్టాలలోను కంటికి కనిపించని నూగు ఉంటుంది. దానిని శైలికలు అంటారు. గాలికి వరిచేను ఊగినట్లు అవి ఒక్క తీరున ఊగుతూ, దుమ్మునూ కఫాన్నీ బయటికి నెట్టుతూ ఉంటాయి. కొందరికి పుట్టుకతోనే ఆ ఊపు సరిగా ఉండదు. ఈ జబ్బు పేరు ప్రైమరీ సిలియరీ డిస్కినీసియా. ఏ పదివేల మందిలోనో ఒకరికి వస్తుంది. కఫం లోపలే నిలిచి గొట్టాలు పాడవుతాయి. ముక్కు దిబ్బడ, చెవి మందం వెంట ఉంటాయి. ఇంచుమించు సగం మందికి గుండె కుడివైపున ఉండడం మరొక వింత. 1933లో మానెస్ కార్టజెనర్ అనే స్విట్జర్లండు వైద్యుడు ఇట్టి రోగులను వర్ణించినాడు. లోపం శైలికలలో ఉన్నదని 1976లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు అఫ్జెలియస్ తేల్చినాడు.

రోగిచేత గొట్టంలోనికి ఊదించి, ఒక్క సెకనులో ఎంత గాలి వచ్చినదో యంత్రం చెబుతుంది. ఆ అంకె అబద్ధం కాదు. కాని దగ్గుకు సిగ్గుపడి పెండ్లికి పోవడం మానుకొన్నవాని బాధ ఆ అంకెలో లేదు. రోజూ ముక్కు కడుగుకొని, కఫం తీసే వ్యాయామం ముగించి, అప్పుడు పనికి పరుగెత్తేవారి అలసట కూడా లేదు.

అందుకే ప్రశ్నావళులు పుట్టినవి. లండనులోని సెయింట్ జార్జి ఆస్పత్రి పేరుతో 1992లో వెలువడిన ప్రశ్నావళి ప్రసిద్ధమైనది. అయితే అది ఉబ్బసం వంటి జబ్బులను ఉద్దేశించినది. ముక్కు, చెవుల ఊసు అందులో లేదు. అందువల్ల జేన్ లూకస్, అలెగ్జాండ్రా క్విట్నర్ మొదలైనవారు ఈ వ్యాధి గల పెద్దలనే కూర్చోబెట్టి, మీకు కష్టమేమిటని అడిగి, వారి మాటలనుండి ప్రశ్నలు తయారుచేసి 2015లో ప్రకటించినారు. ఒంటి శక్తి, మనసు, ఉద్యోగం, నలుగురితో మెలగడం, చికిత్స భారం, వినికిడి, ఇట్లా ఒక్కొక్కదానికి 0 నుండి 100 వరకు వేరువేరుగా మార్కులు. ఎక్కువ వస్తే మేలు. కొత్త మందు పనిచేసినదా లేదా అని తేల్చడానికి ఈ మార్కులు కూడా సాక్ష్యం.

ఇక ఇట్టి ప్రశ్నలను మరొక భాషలోనికి తెచ్చేటప్పుడు ఇద్దరు విడివిడిగా అనువదించి, రెంటినీ సరిచూసి, మళ్లీ మూలభాషలోనికి తిప్పి, రోగులకు చదివి చూపడం పద్ధతి. ఇంత శ్రమ ఎందుకంటారా? మన ‘ఆయాసం’ అన్న మాటనే చూడండి. ఒకరికి అది అలసట, మరొకరికి ఊపిరి అందకపోవడం. మాట తప్పితే కొలత తప్పుతుంది.

ఇంట ఒక భాష, బజారున ఒక భాషగా బ్రతికే మనకు ఇది మరీ ముఖ్యం. మేమూ తప్పు చేసినవారమే. దమ్ముతో బాధపడే మా పెద్దమ్మగారిని ఒకప్పుడు ఆస్పత్రికి తీసుకొనిపోయి, డాక్టరు అడిగినవాటి కన్నిటికీ కన్నడంలో మేమే జవాబులు చెప్పినాము. నిద్ర పడుతున్నదా అంటే, బాగానే పడుతున్నదన్నాము. ఇంటికి వచ్చిన తరువాత, “రాత్రుళ్లు గోడకు ఆనుకొని కూర్చుంటున్నాను నాయనా, నన్నెవరు అడిగినారు?” అన్నారామె. మరునాడు మళ్లీ పోయి ఆమె చేతనే చెప్పించినాము.

కాబట్టి సోదర సోదరీమణులారా, ఇంటిలో రోగి ఉంటే డాక్టరు మాటను తెలుగులో చెప్పండి, రోగి మాటను డాక్టరు భాషలో చెప్పండి. నడుమ మన మాట కలపవద్దు. ‘ఫర్వాలేదు’ అని వారంటే అక్కడితో ఊరుకోక, మెట్లెక్కగలుగుతున్నారా, రాత్రి ఎట్లా గడిచినది అని అడగండి. కావడి మనం మోయలేకపోవచ్చును. బరువెంతో అడిగి తెలుసుకోవచ్చును గదా.