అక్వేరియం మొక్కల్లో నాటిన తొలి మాసం: ఆకు కరగడం తెగులు కాదు

అక్వేరియంలో నాటిన వారం పది రోజులకే క్రిప్టోకొరైన్ మొక్క ఆకులు గాజువలె పారదర్శకమై, జిగురుగా కరిగిపోవడం తరచుగా కనిపిస్తుంది. కొందరు మొక్క చనిపోయిందని భావించి పెరికి పారవేస్తారు. మరికొందరు, ముఖ్యంగా పంటల సాగుతో పరిచయమున్నవారు, ఆకు పసుపుబారడాన్ని నత్రజని లోపంగా నిర్ధారించి ఎరువు వేస్తారు. మొదటి పొరపాటు వల్ల బ్రతికి ఉన్న మొక్క నష్టమవుతుంది; రెండవదాని వల్ల చేపలు కూడా చనిపోతాయి.

అసలు కారణం నర్సరీలో ఉన్నది. క్రిప్టోకొరైన్, ఎకినోడోరస్, హైగ్రోఫిలా, రోటాలా వంటి ప్రజాతుల మొక్కలను వాణిజ్యపరంగా ఎక్కువగా నీటిలో కాక, తేమ నిండిన గాలిలో, వేళ్ళు మాత్రమే తడిసేలా పెంచుతారు. అలా పెంచితే ఎదుగుదల వేగంగా ఉంటుంది, ఆకులకు నాచు పట్టదు, రవాణా సులభమవుతుంది. ఈ మొక్కలు ప్రకృతిలో ఏరుల ఒడ్డున, చిత్తడి నేలల్లో పెరిగేవి. వానాకాలంలో మునిగి, నీరు తగ్గినప్పుడు బయటపడి, రెండు విధాలుగానూ జీవించగలవు. అయితే మొక్క రెండు చోట్లా బ్రతికినా, ఒకే ఆకు రెండు చోట్లా పనిచేయదు.

గాలిలో ఏర్పడిన ఆకుకు నీటి నష్టాన్ని అరికట్టే మైనపు పొర, వాయు వినిమయానికి పత్రరంధ్రాలు ఉంటాయి. నీట మునిగిన తరువాత ఈ నిర్మాణమే దానికి అడ్డంకి అవుతుంది. కార్బన్ డయాక్సైడ్ గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా విస్తరిస్తుంది. అందువల్ల నీటిలో పుట్టే ఆకు పలుచగా, మైనపు పొర దాదాపు లేకుండా, పైపొర కణాల్లోనే హరితరేణువులతో, ఉపరితలమంతటా వాయువును గ్రహించేలా రూపొందుతుంది. రోటాలా రొటుండిఫోలియాలో ఈ భేదం కంటికే తెలుస్తుంది: గాలిలో గుండ్రని ఆకు, నీటిలో సన్నని పొడవాటి ఆకు. పాత ఆకు తన శ్వాసక్రియకు సరిపడా ఆహారాన్ని తయారు చేయలేనప్పుడు మొక్క దానిలోని నత్రజని, పొటాషియంలను కొంతవరకు వెనక్కి తీసుకొని కొత్త చిగురుకు పంపుతుంది. వరి నారు మూన తిరగడానికి పట్టే వారం పది రోజులకు బదులు ఇక్కడ మూడు నుండి ఆరు వారాలు పట్టడానికి కారణం, వేరు నిలదొక్కుకోవడమే కాక ఆకులన్నింటినీ కొత్తగా నిర్మించుకోవలసి రావడమే.

వాలిస్నేరియా, హైడ్రిల్లా సంగతి వేరు. ఇవి ఎల్లప్పుడూ నీటిలోనే పెరిగేవి కనుక వాటి ఆకులు కుళ్ళితే రవాణాలో తగిలిన గాయం గాని, నీటి గుణంలో ఆకస్మిక మార్పు గాని కారణమై ఉంటుంది.

నాటే ముందు కుండీలోని దూదివంటి పదార్థాన్ని, కాడలకు చుట్టిన సీసపు పట్టీని పూర్తిగా తొలగించాలి. పొడవైన వేళ్ళను 2–3 సెం.మీ.కు కత్తిరించి, ముదురు ఆకులను కొన్నింటిని తీసివేస్తే మేలు. అవి ఎటూ నిలిచేవి కావు. కాడ మొక్కలను గుత్తిగా గుచ్చకుండా, ఒక్కొక్క కాడను కింది రెండు కణుపుల ఆకులు తీసి, 5–7 సెం.మీ. మందం గల కడిగిన సన్న గులకలో విడివిడిగా నాటాలి. ఎకినోడోరస్ వంటి వాటిలో మొవ్వు పైకి కనిపించాలి. అనుబియాస్ కొమ్మును మాత్రం పూడ్చరాదు, పూడ్చితే కుళ్ళుతుంది. దానిని దారంతో రాతికో, మొద్దుకో కట్టాలి.

దీపకాంతి తొలి వారాల్లో రోజుకు 6–8 గంటలు చాలు. ఆకులు పనిచేయని దశలో అధిక కాంతి నాచుకే ఉపయోగపడుతుంది. నీటి ఉష్ణోగ్రత 24–28 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండటం మంచిది. మన వేసవిలో తొట్టి నీరు 30 దాటడం సాధారణం కనుక క్రిప్టోకొరైన్‌ను ఏప్రిల్, మే నెలల్లో కొత్తగా నాటకపోవడమే ఉత్తమం.

ఇక ఎరువు విషయం. 40 లీటర్ల తొట్టిలో ఒక గ్రాము యూరియా వేస్తే, అందులోని 46 శాతం లెక్కన లీటరు నీటికి సుమారు 11.5 మి.గ్రా. నత్రజని చేరుతుంది. యూరియేజ్ చర్యతో అది అమ్మోనియా రూపం పొందుతుంది. ఉదజని సూచిక 8, ఉష్ణోగ్రత 28 డిగ్రీలు ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో దాదాపు 6.5 శాతం విషపూరిత రూపంలో ఉంటుంది. అంటే లీటరుకు సుమారు 0.75 మి.గ్రా. అనేక జాతుల చేపలను చంపడానికి ఇది చాలు. తెలుగు ప్రాంతాల్లో చాలా బోరుబావుల నీరు క్షారగుణం కలిగినదే. చిటికెడు యూరియా పొలంలో లెక్కలోకి రాదు, తొట్టిలో అది ప్రాణాంతక మోతాదు.

నిజమైన నత్రజని లోపాన్ని గుర్తించడం కష్టం కాదు. లోపంలో కింది ఆకులు పసుపుబారడంతో పాటు కొత్త ఆకులు చిన్నవిగా, పాలిపోయి వస్తాయి. అలవాటు పడే దశలో పాత ఆకులు పోతున్నా చిగురు ఆరోగ్యంగా ఉంటుంది. చిగురు ఇంకా రాకపోతే, పెరకకుండా మట్టాన్ని వేలితో నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే వేచి ఉండవచ్చు. మెత్తబడి దుర్వాసన వస్తే మొక్క చనిపోయినట్లే. పదేపదే పెరికి వేళ్ళు పరిశీలించడం మరొక నాటుతో సమానం, లెక్క మళ్ళీ మొదటి వారం నుండి మొదలవుతుంది.

కరిగిన ఆకులను రోజు విడిచి రోజైనా తీసివేయాలి, ఎందుకంటే అవి కుళ్ళినప్పుడు వెలువడేదీ అమ్మోనియాయే. కొత్త తొట్టిలో దానిని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు స్థిరపడటానికి 4–6 వారాలు పడుతుంది. అంతవరకు వారానికి మూడో వంతు నీటిని, ఉష్ణోగ్రత సరిచూసి మార్చాలి. కుళాయి నీరైతే క్లోరిన్ తొలగించాలి. చేపలను మొక్కలు మూడు నాలుగు కొత్త ఆకులు తొడిగి, నీటి పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిన తరువాతే వదలాలి. వేళ్ళ దగ్గర ఉంచే అక్వేరియం ఎరువు బిళ్ళలకూ అదే సరైన సమయం.