టాంగో.. నడక నేర్పే నాట్యం

నెలల తరబడి విదేశంలో ఉండాల్సి వచ్చినప్పుడు ఒంటికీ మనసుకూ పని పెట్టే విద్య ఇది. తూలి పడిపోతామన్న భయం ఉన్నవారికి మరింత మేలు.

విదేశంలో ఆరేడు నెలలు ఉండి వచ్చినవారిని ఓపీలో తరచూ చూస్తుంటాం. వెళ్లేటప్పుడు అదుపులో ఉన్న షుగర్ తిరిగొచ్చేసరికి పెరిగి ఉంటుంది. మోకాళ్లు పట్టేస్తుంటాయి. నిద్ర సరిగా పట్టదు. ఏమైందని అడిగితే ‘అక్కడ ఏమీ తోచేది కాదండీ’ అంటారు. కూరగాయలకు వెళ్లడం, గుడిదాకా నడవడం, పక్కింటివాళ్లతో కాసేపు మాట్లాడటం.. ఇక్కడ మనకు తెలియకుండానే జరిగిపోయే ఇవన్నీ అక్కడ ఒక్కసారిగా ఆగిపోతాయి.

అందుకే అక్కడివాళ్లతో కలిసి నేర్చుకునే విద్య ఏదో ఒకటి పెట్టుకోమని చెబుతుంటాను. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో కొన్ని నెలలు ఉన్నప్పుడు నేను ఎంచుకున్నది టాంగో. 19వ శతాబ్దం చివర్లో అర్జెంటీనా, ఉరుగ్వేల మధ్య ప్రవహించే రియో దె లా ప్లాతా తీరాన ఇది పుట్టింది. యూరప్ నుంచి వలస వచ్చినవారు, ఆఫ్రికా సంతతివారు, స్థానికులు కలిసి బతికిన పేదల పేటలే దీనికి పుట్టిల్లు. 2009లో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

మొదట నడకే

సినిమాల్లో చూసి టాంగో అంటే గిర్రున తిరగడం, కాళ్లు ఎగరేయడం అనుకుంటాం. తరగతిలో మొదట నేర్పేది మాత్రం నడకే. ఒక కాలి మీద బరువు పూర్తిగా నిలిపిన తర్వాతే రెండో కాలు కదపాలి. ఇద్దరిలో ఒకరు ముందుకు నడిపిస్తుంటే, రెండోవారు ఎక్కువగా వెనక్కి అడుగు వేయాలి. మధ్యలో ఉన్నట్టుండి ఆగాలి, మళ్లీ కదలాలి. ఆ తర్వాత ‘ఓచో’ వస్తుంది. అంటే ఒంటికాలి మీద తిరుగుతూ నేల మీద 8 అంకె గీసినట్టు అడుగులు వేయడం.

వైద్యుడి కళ్లతో చూస్తే ఇందులో చాలా ఉంది. వయసు పెరిగేకొద్దీ మొదట తగ్గేవి ఇలాంటి నైపుణ్యాలే. ఒంటికాలి మీద నిలబడలేకపోవడం, తిరిగేటప్పుడు తూలడం, వెనక్కి అడుగు వేయాలంటే జంకడం. బాత్‌రూమ్‌లో జారి తుంటి ఎముక విరిగి వచ్చే పెద్దవారిలో చాలామందికి ఈ తడబాటు ఎప్పటినుంచో ఉంటుంది. ఎవరూ పట్టించుకోరు.

వాకింగ్ సరిపోదా?

వాకింగ్ మంచిదే. మానకూడదు. అయితే తిన్నని దారిలో ముందుకు నడిస్తే గుండెకు, కాళ్లకు వచ్చినంత లాభం శరీర నిలకడకు రాదు. కెనడాలోని మాంట్రియల్‌లో పడిపోయే ముప్పున్న 30 మంది పెద్దవారిని రెండు బృందాలు చేసి, కొందరితో నడక, కొందరితో టాంగో చేయించారు. ఆ ఫలితాలు 2008లో వెలువడ్డాయి. కాళ్ల బలం, నడక వేగం రెండు బృందాల్లోనూ పెరిగాయి. పడిపోతామన్న భయం మాత్రం టాంగో బృందంలోనే తగ్గింది. చిన్న అధ్యయనమే అయినా మన రోజువారీ అనుభవానికి దగ్గరగా ఉంది.

పార్కిన్సన్స్ జబ్బులో టాంగో మీద ఇంకా ఎక్కువ పరిశోధన జరిగింది. ఈ జబ్బులో మెదడులో డోపమైన్ తగ్గి, అడుగు దానంతట అది పడటం కష్టమవుతుంది. గుమ్మం దగ్గరో, మలుపు దగ్గరో కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు అవుతాయి. అప్పుడు బయటి నుంచి ఒక సంకేతం అందితే అడుగు పడుతుంది. టాంగోలో ఆ సంకేతం తాళం నుంచీ వస్తుంది, ఎదుటి మనిషి స్పర్శ నుంచీ వస్తుంది. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు పార్కిన్సన్స్ బాధితులకు వారానికి రెండు గంటల చొప్పున ఏడాదిపాటు టాంగో నేర్పారు. వారి నిలకడ, కదలికలు మెరుగుపడ్డాయని 2012లో ప్రకటించారు. బ్యూనస్ ఎయిర్స్‌లోని రామోస్ మెహియా ప్రభుత్వ ఆసుపత్రిలోనూ ఈ రోగులకు టాంగో శిక్షణ ఇచ్చారు. ఇది మందులతోపాటు చేయాల్సిందే తప్ప మందులకు బదులు కాదు.

‘ఈ వయసులో డాన్సా?’

మనవాళ్లను ఆపేది మోకాళ్ల కన్నా మొహమాటమే. పరాయివారి చేయి పట్టుకోవాలా అన్న సందేహం సహజం. భార్యాభర్తలు వెళితే ఇద్దరూ కలిసే చేయవచ్చు. ఒక చేయి చాచినంత దూరంలో నిలబడి చేసే పద్ధతి కూడా ఉంది. ‘మిలోంగా’ అనే నాట్య సమావేశాల్లో పిలుపు చాలాచోట్ల కళ్లతోనే. దూరం నుంచి చూపు కలిపి తల ఊపుతారు. ఇష్టమైతే మీరూ తల ఊపుతారు. లేదంటే చూపు తిప్పుకుంటారు. నోటితో కాదనాల్సిన ఇబ్బంది ఉండదు.

భాష రానివారికి ఇదొక ఊరట. స్పానిష్‌లో నాలుగు ముక్కలు రాకపోయినా వారానికి రెండు సాయంత్రాలు మనకోసం ఎదురుచూసే మనుషులు ఏర్పడతారు. పరాయి ఊళ్లో ఒంటరితనంతో కుంగిపోయేవారికి ఇది చిన్న విషయం కాదు.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

• గుండెజబ్బు, మోకాళ్ల తీవ్ర అరుగుదల, ఎముకలు గుల్లబారడం, కళ్లు తిరగడం ఉన్నవారు బయల్దేరే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

• ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవారు ఖాళీ కడుపుతో వెళ్లకూడదు. బ్యూనస్ ఎయిర్స్‌లో రాత్రి భోజనం తొమ్మిది దాటాకే. మన వేళకే తినేసి వెళ్లాలి. జేబులో గ్లూకోజ్ ఉంచుకోవాలి.

• మిలోంగాలు తెల్లవారుజాము వరకూ సాగుతాయి. మధ్యాహ్నం, సాయంత్రం జరిగేవీ ఉంటాయి. వాటినే ఎంచుకోవాలి. నిద్ర చెడగొట్టుకుని చేసే వ్యాయామం వల్ల లాభం లేదు.

• హైహీల్స్ అక్కర్లేదు. తిరగడానికి వీలుగా నునుపైన అడుగు ఉన్న, మడమను పట్టి ఉంచే చదును బూట్లు చాలు. షుగర్ వల్ల పాదాల్లో తిమ్మిరి ఉన్నవారు ఇంటికి రాగానే పాదాలు చూసుకోవాలి.

తిరిగొచ్చాక

ఇక్కడ టాంగో తరగతి దొరకకపోవచ్చు. నేర్చుకున్నది పోకుండా చూసుకోవచ్చు. కుర్చీ పట్టుకుని ఒక్కో కాలి మీద పది సెకన్లు నిలబడండి. గోడ పక్కన మడమకు బొటనవేలు తాకేలా ఒక గీత మీద నడవండి. ఎవరైనా పక్కన ఉన్నప్పుడు నాలుగడుగులు వెనక్కి వేయండి. ఇష్టమైన పాట పెట్టుకుని ఇంట్లోవారి చేయి పట్టుకుని చేస్తే రోజూ చేయాలనిపిస్తుంది. విదేశానికి వెళ్లనివారు కూడా ఈ రోజు నుంచే మొదలుపెట్టవచ్చు.