యాభై దాటాక సైకిలు మీద ఒంటరి దూర ప్రయాణం: బయలుదేరే ముందు చూసుకోవలసినవి

వర్షాకాలంలో ఒక ఉదయం మా ఓ.పి.కి భార్యాభర్తలు వచ్చారు. ఆయనకు 53 ఏళ్ళు, ఆరేళ్ళుగా షుగరు ఉంది. "సిస్టర్ గారూ, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలండీ" అన్నారు. ఉద్యోగం కోసమేమో అనుకున్నాము. కాదట. మచిలీపట్నం నుంచి హైదరాబాదులో ఉన్న కూతురి ఇంటికి సైకిలు మీద, అదీ ఒక్కరే వెళ్తారట. 65వ నంబరు జాతీయ రహదారి వెంట దాదాపు 340 కిలోమీటర్లు. మూడు రోజుల్లో చేరిపోవచ్చని ఆయన లెక్క. ఆవిడేమో "మీరైనా వద్దని చెప్పండమ్మా, నా మాట వినడం లేదు" అన్నారు.

మేము వద్దనలేదు. ఆ రోజు సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపనూ లేదు. డాక్టరు గారితో మాట్లాడి నాలుగు నెలల గడువు అడిగాము. ఆ నాలుగు నెలల్లో ఏమి జరిగిందో ఆయన అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాము. ఇటువంటి ఆలోచన ఉన్నవారు మన కుటుంబాల్లో ఇంకా ఉంటారు గదా.

ఈ వయసులో ఇదేం సరదా అని నవ్వేవారికి ఒక మాట. ఇంగ్లాండులో యాన్ మస్టో అనే ప్రధానోపాధ్యాయురాలు మన దేశానికి వచ్చినప్పుడు, బస్సు కిటికీలోంచి రాజస్థాన్ ఎడారిలో ఒంటరిగా సైకిలు తొక్కుతున్న మనిషిని చూశారు. 1987లో, తన 54వ ఏట, ఉద్యోగం వదిలి ప్రపంచం చుట్టి రావడానికి సైకిలు మీద బయలుదేరారు. సుమారు 12 వేల మైళ్ళు తొక్కారు. బయలుదేరే నాటికి ఆమెకు పంక్చరు వేసుకోవడం కూడా రాదు. కనుక వయసు ఒక్కటే అడ్డు కాదు. అయితే ఆ కథ చదివి మరునాడే బయలుదేరవద్దు.

మొదట పరీక్షలు. బి.పి., షుగరు, మూడు నెలల సగటు చూపే హెచ్.బి.ఎ.1సి., కిడ్నీ పనితీరుకు క్రియాటినిన్, కళ్ళ పరీక్ష, ఇ.సి.జి. చేయించాలి. షుగరు, బి.పి., పొగ అలవాటు ఉన్నవారికి, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు వచ్చి ఉంటే, డాక్టరు గారు ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా రాయవచ్చు. అది బాగుందంటే ఇక భయమే లేదని కాదు. షుగరు ఉన్నవారిలో గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండానే రావచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, చెమటలు, దవడలో గాని చేతిలో గాని లాగుడు, ఎన్నడూ లేని నీరసం వస్తే సైకిలు దిగి 108కి ఫోను చేయాలి. గ్యాస్ అయి ఉంటుందిలే అని ఇంకో పది కిలోమీటర్లు తొక్కకూడదు.

తరువాత సాధన. ఆయన మొదటి వారం రోజు విడిచి రోజు అరగంట మాత్రమే తొక్కారు. వారం వారం సుమారు పదో వంతు పెంచుకుంటూ పోయారు. ప్రతి నాలుగో వారం తగ్గించారు. తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ తగిన వేగం. నాడి లెక్క పెట్టుకునేవారు 220లోంచి వయసు తీసివేస్తే వచ్చే అంకెను గరిష్ఠంగా అనుకుంటారు. కాని అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారికి నాడి పెరగదు గనుక వారు ఆ లెక్కను నమ్మరాదు. ఆ మాత్రలు షుగరు పడిపోయినప్పుడు వచ్చే వణుకును, గుండె దడను కూడా కప్పేస్తాయి. చెమట మాత్రం పడుతుంది.

రెండో నెలాఖరులో ఒక సంగతి జరిగింది. ఆయన పామర్రు దాకా వెళ్ళి టీ కొట్టు దగ్గర ఆగారు. చల్లటి పొద్దు, అయినా చొక్కా తడిసి ముద్దయింది. టీ డబ్బులు రెండుసార్లు ఇచ్చారట. కొట్టతను "ఏమైందండీ" అంటే "నాకేం కాలేదు" అని సైకిలు ఎక్కబోయారట. అతను పట్టుకుని కూర్చోబెట్టి, చక్కెర నీళ్ళు కలిపి తాగించి, జేబులో ఉన్న చీటీ చూసి ఇంటికి ఫోను చేశాడు. గ్లూకోమీటరు ఆయన ఇంట్లోనే వదిలి వెళ్ళారు. ఆ ఉదయం గ్లిమిపిరైడ్ మాత్ర మామూలుగానే వేసుకుని ఒక్క ఇడ్లీ తిని బయలుదేరారు.

ఒంటరి ప్రయాణంలో అసలు ప్రమాదం ఇదే. షుగరు పడిపోయినా, ఎండ దెబ్బ తగిలినా, ముందుగా తప్పిపోయేది మన ఆలోచనే. పక్కన మనిషి ఉంటే "మీ మాట తేడాగా ఉంది" అంటాడు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాట చెప్పేవారు లేరు. అందుకే బాగా లేదనిపించే దాకా ఆగకుండా, గడియారం చూసి ఆగాలని ఆయనకు చెప్పాము. గంటకొకసారి దిగడం, షుగరు చూసుకోవడం, ఏదైనా తినడం. 70 కన్నా తగ్గితే మూడు చెంచాల చక్కెర గాని గ్లూకోజు గాని వెంటనే తీసుకుని, పావుగంట తరువాత మళ్ళీ చూడాలి. 100 కన్నా తక్కువగా ఉంటే తినకుండా ఎక్కకూడదు. బాగా తొక్కిన రోజు రాత్రి నిద్రలో కూడా షుగరు పడిపోవచ్చు గనుక పడుకునే ముందు చూసుకోవాలి. ఇన్సులిన్ వాడేవారు తొక్కే రోజు తొడకు వేసుకోకండి, అక్కడ త్వరగా పీల్చుకుంటుంది, పొట్టకు వేసుకోండి. మాత్రలు ఎంత తగ్గించాలన్నది డాక్టరు గారు ఒక్కొక్కరికి చూసి చెప్పవలసిన విషయం. పక్కింటివారి చీటీ చూసి మార్చుకోకండి.

ఆయన ఆ రోజు సైకిలును కొట్టు దగ్గరే వదిలి బస్సులో ఇంటికి వచ్చారు. మా దగ్గరకు వచ్చి ఆ మాట చెప్పడానికి సిగ్గుపడ్డారు. ఆ నెలంతటిలో మీరు చేసిన మంచి పని అదేనండీ అన్నాము.

నీటి విషయం. దాహం వేసే వరకు ఆగకుండా కొంచెం కొంచెంగా తాగాలి. అలాగని ఉత్త నీళ్ళే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు, మగత వస్తాయి. లీటరు నీటికి అర చెంచా ఉప్పు, ఆరు చెంచాల చక్కెర, చెంచాలు తలకొట్టి. లేదా మజ్జిగలో ఉప్పు. షుగరు ఉన్నవారు డాక్టరును అడిగి తాగండి. అట్టపెట్టెల్లో అమ్మే తీపి పానీయాలను ఓ.ఆర్.ఎస్. అనుకుని కొనవద్దు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అటువంటి పానీయాల మీద ఆ పేరు వాడరాదని ఆదేశించింది. మూత్రం మాత్రలు వాడే బి.పి. రోగులు ఎండలో త్వరగా నీరసపడతారు, ముందే అడగండి. ఒళ్ళు నొప్పులకని డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ మింగుతూ ఎండలో తొక్కితే కిడ్నీలకు హాని.

సీటు ఎత్తు సైకిలు షాపులోనే సరి చేయించుకోవాలి. పెడల్ అడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా రావాలి. మోకాలి చిప్ప ముందు నొప్పి వస్తే సీటు పల్లంగా ఉందని, వెనుక నొప్పి వస్తే ఎత్తుగా ఉందని గుర్తు. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే హ్యాండిల్ మీద బరువు ఎక్కువ పడుతోందన్నమాట. కూర్చునే చోట తిమ్మిరి వస్తే మొహమాటపడి దాచకండి, అక్కడ నరం నొక్కుకుపోతుంది. మగవారు మా సిస్టర్లతో చెప్పలేక నెలల తరబడి ఓర్చుకుంటారు. డాక్టరు గారితోనైనా చెప్పండి.

ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోవాలి. రోడ్డు మీద కుక్కలు వెంటపడతాయి. కరిస్తే సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రిలో సూది వేయించుకోవాలి. కారం, పసుపు పూయకండి.

ఆయన మూడు రోజుల లెక్క ఇప్పుడు అయిదు రోజులైంది. మొదటి రోజు విజయవాడ, తరువాత కోదాడ. అది 90 కిలోమీటర్లు దాటుతుంది గనుక మరునాడు సూర్యాపేట వరకే. ఆపైన చౌటుప్పల్, ఆఖరు రోజు హైదరాబాదు. సంక్రాంతికి ముందు వెనుకల ఆ దారిలో కార్ల వరుసలు మీకు తెలిసినవే, కనుక ఫిబ్రవరి మొదటి వారం అనుకున్నారు. పొద్దున పొగమంచు పూర్తిగా విడిచాకే ఎక్కాలి. వెనుక ఎర్ర దీపం, హెల్మెట్ తప్పనిసరి. రహదారి మీద సాయానికి 1033, అంబులెన్సుకు 108, మరే ఆపదకైనా 112.

జేబులో చీటీ ఇప్పుడు ఆవిడే రాసి ప్లాస్టిక్ కవరులో పెట్టారు. పేరు, షుగరు ఉన్న సంగతి, వాడే మందులు, రక్తం గ్రూపు, తన ఫోను నంబరు. ఆగిన ప్రతిచోటా ఆయన ఫోను చేయాలి. అనుకున్న వేళకు గంట దాటినా ఫోను రాకపోతే ఆవిడ తమ్ముడు కారు తీస్తాడు. మొన్న ఇద్దరూ వచ్చి డాక్టరు గారి దగ్గర సర్టిఫికెట్ తీసుకున్నారు. బయటకు వెళ్తూ ఆవిడ ఆగి, సూర్యాపేట నుంచి హైదరాబాదుకు బస్సులు ఎన్నింటి దాకా ఉంటాయో కనుక్కుని అది కూడా చీటీ వెనుక రాశానని చెప్పారు.