ఒకటో తరగతి ఏడాది: మిషన్ బడి నేర్పింది, నేర్పనిది

మిషన్ బడి మీద రెండు వాదనలు చాలాకాలంగా నడుస్తున్నాయి. దొరలొచ్చి బడి పెట్టకపోతే మాల మాదిగలకు అక్షరం దక్కేదే కాదన్నది ఒకటి. అక్షరాన్ని ఎరగా చూపించి అమాయకుల మతం మార్చేశారన్నది రెండోది. మొదటి మాట సంఘాల వార్షికోత్సవాల్లో వినిపిస్తుంది, రెండోది అగ్రకుల హిందూ సంస్థల నోట వినిపిస్తుంది. పైకి ఎదురెదురుగా కనిపించినా రెండూ ఇచ్చినవాళ్ల గురించే మాట్లాడతాయి. పుచ్చుకున్నవాళ్ల ఊసు రెండింటిలోనూ లేదు. పలక చంకన పెట్టుకొని ఆ బడికి వెళ్లిన అయిదేళ్ల బిడ్డ, ఏడాది తిరిగేసరికి ఏం నేర్చుకొని ఇంటికొచ్చింది? మేము ఇక్కడ ఆ ఒక్క ప్రశ్ననే పట్టుకుంటున్నాం.

మేము చెప్పేది కోస్తా జిల్లాల మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో నడిచిన బాప్టిస్టు, లూథరన్ ప్రాథమిక బళ్ల సంగతి. పట్నం కాన్వెంట్ల కథ వేరు. అక్కడ ఫీజులు కట్టింది ఎవరో, బెంచీల మీద కూర్చున్నది ఎవరో అందరికీ తెలిసిందే.

బడి పల్లెలోకి ఎలా వచ్చింది?

మిషన్ బడి అనగానే అది మొదట్నుంచీ దళితుల కోసమే పెట్టిందని అనుకోకూడదు. 1843లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ పెట్టిన ఇంగ్లీషు బడి బ్రాహ్మణాది పైకులాల పిల్లల కోసం పెట్టిందే. అంటరాని కులాల పిల్లల్ని వాళ్ల పక్కన కూర్చోబెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు. పైవాళ్లు మారితే కిందివాళ్లు వాటంతటవే వెనకాల వస్తారన్నది అప్పటి చాలామంది మిషనరీల లెక్క.

ఆ లెక్క ఒంగోలులో తలకిందులైంది. దాన్ని తలకిందులు చేసింది మాదిగలు. 1866లో బాప్తిస్మం పుచ్చుకున్న ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే మనిషి. ఆయన వెనక ఆయన కులంవాళ్లు కదిలారు. మాదిగలు చేరితే మేముండం అని ఒంగోలు మిషన్ బడిలో చదువుతున్న అగ్రకుల కుర్రాళ్లు తేల్చి చెప్పారు. క్లౌ దొర, ఆయన భార్య ఎటు పోవాలో తేల్చుకోవాల్సి వచ్చింది. చివరికి మాదిగల పక్షానే నిలబడ్డారు, పైకులాల పిల్లలు బడి వదిలి వెళ్లిపోయారు. 1867 జనవరిలో ఎనిమిది మందితో మొదలైన ఒంగోలు సంఘం, 1876-78 కరువు దాటాక ఎలా పెరిగిందంటే, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

దొరలు ఒక్కొక్కరే పల్లెలన్నీ తిరగలేరు. కాబట్టి పల్లెకొక పంతుల్ని పెట్టారు. పగలు బడి, రాత్రి ప్రార్థన, ఆదివారం ఆరాధన, అన్నీ ఆయన పనే. బడీ గుడీ ఒకే పాక. ఆ పంతులు మాదిగో మాలో అయి ఉండటం చిన్న సంగతి కాదు. ఊళ్లో వీధిబడి అయ్యవారు బెత్తం విసిరి కొట్టేవాడే గానీ, అంటరాని బిడ్డ చెయ్యి పట్టుకొని అక్షరం దిద్దించింది లేదు. తన చెయ్యి పట్టుకున్న మొదటి గురువు తనవాడే కావడం పల్లె బిడ్డకు దక్కిన మొదటి పాఠం. అది ఏ పుస్తకంలోనూ రాసిలేదు.

జూన్ నుంచి ఏప్రిల్ దాకా

ఒకటో తరగతిలో బిడ్డ ముందుగా నేర్చుకునేది అక్షరం కాదు, తన పేరు. ఆసామి ఇంటి దగ్గర వాడు "ఒరే కోటిగా". అవ్వ నోట "పెద్దోడు". హాజరు పట్టీలో మాత్రం ఏసుపాదం, దేవదాసు, సువార్త, కరుణమ్మ. రోజూ పొద్దున పంతులు ఆ పేరును పూర్తిగా, చివర "గా" తగిలించకుండా పిలుస్తాడు. బిడ్డ లేచి నిలబడి పలుకుతుంది. పిలవగానే పరుగెత్తుకెళ్లడానికి కాకుండా, ఉన్నానని చెప్పడానికి పేరు పనికొస్తుందని ఆ బిడ్డకు అలా తెలిసింది. పాలేరు కొడుక్కి ఇది తక్కువ చదువేం కాదు.

రెండోది గంట. పల్లెలో పొద్దు ఆసామి కబురును బట్టి నడుస్తుంది. బడిలో పొద్దు గంటను బట్టి నడుస్తుంది. గంటతోపాటు వారం కూడా వచ్చింది. ఒంగోలు సంఘంలో చేరేవాళ్లకు క్లౌ దొర పెట్టిన కట్టుబాట్లు మూడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఇవి మతం మాటల్లాగే ఉంటాయి. కానీ మొదటి రెండూ సూటిగా వెట్టి మీద తగిలాయి. గొడ్డు చస్తే లాక్కెళ్లడం, తోలు తియ్యడం, చెప్పులూ మోటతోలూ కుట్టివ్వడం మాదిగ వంతు. ఆ గొడ్డు మాంసం అతని కూలిలో భాగం. ఏడో రోజు నేను రాను అని మాదిగ అనడం ఊరి పెత్తనానికి ఎదురు చెప్పడమే. అందుకే ఆ రోజుల్లో ఆసాములు పనులాపించారు, బావులకు అడ్డం పడ్డారు. ఆదివారం మనది అని బళ్లో వల్లెవేసిన బిడ్డకు ఈ చరిత్రంతా తెలియకపోవచ్చు. కానీ వారంలో ఒకరోజు ఆసామిది కాదన్న సంగతి మాత్రం బుర్రకెక్కుతుంది.

మూడోది నీళ్లు. బడి మూలన కుండ, దానిమీద ఒకే లోటా. ముంచుకొని తాగడమే. ఎత్తి పొయ్యడానికి ఎవరూ రారు, దోసిలి పట్టి నిలబడనక్కర్లేదు. దేవుడి ముందు అందరూ సమానమే అని పంతులు నోటితో వందసార్లు చెప్పినా, కుండ ఒక్కసారి చెప్పినట్టు కాదు. బయట ఊరు మాత్రం మారలేదు. 1985లో కారంచేడులో మాదిగల మంచినీళ్ల చెరువు దగ్గర లేచిన తగాదా, మర్నాడు జులై 17న ఆరుగురి ప్రాణాలు తీసింది. బడి నేర్పిన నీళ్ల పాఠానికి ఊరు ఎంత ధర కట్టిందో అక్కడ తేలింది.

నాలుగోది పాట, వాక్యం. అక్షరాలు కూడబలుక్కోకముందే బిడ్డ నోటికి పరలోక ప్రార్థన వస్తుంది, 23వ కీర్తన వస్తుంది, వారానికొక కంఠత వాక్యం వస్తుంది. క్రిస్మస్‌కి గొర్రెల కాపరి వేషమో దేవదూత వేషమో కట్టి పదిమంది ముందు నిలబడి మాటలు చెబుతుంది. తలెత్తి, గొంతెత్తి, పెద్దవాళ్లు వింటుండగా మాట్లాడటం ఆ పల్లెల్లో అంతకుముందు పిల్లలకు తెలియని పని. తర్వాతి కాలంలో దళిత ఉద్యమాల వేదికలెక్కి మాట్లాడినవాళ్లలో చాలామంది మొదట మైకు లేకుండా ఈ గుళ్లోనే మాట్లాడి నేర్చుకున్నారు.

ఎవరి తెలుగు?

ఇంతవరకూ లాభమే. ఇక లెక్కలో రెండో వైపు చూడాలి.

బిడ్డ పాడే కీర్తనల భాష ఎక్కడిది? ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పేరుమోసినవి రాసిన పురుషోత్తమ చౌదరి (1803-1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన మనిషి. రాగం, తాళం, సంస్కృత సమాసం ఆయనకు పుట్టింటి సొమ్ము. ఏ పండితుడూ మాలమాదిగ పిల్లల నోట పలకనివ్వని ఆ తెలుగు, కీర్తన రూపంలో పల్లెకొచ్చింది. ఇది నిజంగా ఆస్తే. వినుకొండలో 1895లో పుట్టి, లూథరన్ మిషన్‌లో పంతులుగా పనిచేసిన జాషువా, పండితుల పద్యాన్ని పండితుల మీదికే తిప్పిన తీరు మనకు తెలుసు.

కానీ ఆ ఏడాదిలోనే బిడ్డ ఇంకోటి కూడా నేర్చుకుంటుంది. అమ్మ మాట్లాడేది బడి మాట కాదని, అవ్వ పాట గుడి పాట కాదని. డప్పు బడిలోకి రాదు. చిందు రాదు. జాంబవ పురాణం దయ్యాల కథల లెక్కలో కలిసిపోతుంది. పల్లెకు దొరలు రాకముందు ఏ ఆలోచనా లేదన్నట్టే పాఠం నడుస్తుంది. అసలు సంగతి అలా లేదు. ఆ పేరయ్యే క్రైస్తవుడు కాకముందు రాజయోగ మార్గంలో గురువుల దగ్గర తిరిగి, విగ్రహాలు వట్టివని అప్పటికే తేల్చుకున్నవాడు. ఈ సంగతుల్ని రాసిపెట్టింది క్లౌ కుటుంబమే. మాదిగల మీద ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసిన పుస్తకం 1899లో అచ్చయింది. దొరసాని పుస్తకానికెక్కిన మాదిగ ఆలోచన మాదిగ బిడ్డ వాచకానికి ఎందుకెక్కలేదు?

చెప్పని పాఠం

అన్నిటికంటే బరువైన పాఠం అడ్మిషన్ రిజిస్టరులో ఉంది. అందులో మతం, కులం అని గడి ఉంటుంది. ఆ గడిలో పంతులు రాసిందే రికార్డు షీటులోకి, అక్కడ్నుంచి హైస్కూలుకి, పదో తరగతి కాగితాల్లోకి నడుస్తుంది. రేపు కుల ధ్రువీకరణ అడిగినప్పుడు ఎమ్మార్వో ఆఫీసులో తిరగేసేది దాన్నే.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవ దళితుల్ని, ముస్లిం దళితుల్ని కలపలేదు. మన రాష్ట్రంలో 1970 నుంచి క్రైస్తవంలోకి వెళ్లిన షెడ్యూల్డు కులాలవాళ్లు బీసీ-సి. వాళ్లకిచ్చింది ఒక్క శాతం. 1977లో ఇచ్చిన జీవో 341 చట్టంతో పనిలేని కొన్ని రాయితీల్ని ఎస్సీలతో సమానంగా ఇచ్చింది గానీ ఉద్యోగాల్లో, చట్టసభల్లో వాటా ఇవ్వలేదు. అంటే గడిలో "హిందూ-మాదిగ" అని రాయడానికీ "క్రైస్తవ" అని రాయడానికీ మధ్య ఒక బతుకంత తేడా ఉంది. ఆ ఉత్తర్వు సంగతి తేల్చడానికి కేంద్రం 2022లో బాలకృష్ణన్ కమిషన్‌ని వేసింది. ఈలోగా 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, క్రైస్తవం పాటిస్తూ రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమేనంది. 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు కేసులో అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని చెప్పింది. కొట్టేవాడు మాత్రం మతం అడిగి కొట్టడు.

అందుకని పల్లె తండ్రి గడిలో హిందూ అని రాయిస్తాడు. ఆ గది గోడమీదే సిలువ ఉంటుంది. ఆ పొద్దే బిడ్డ కీర్తన పాడి ఉంటుంది. గుళ్లో మార్తమ్మ, పట్టీలో లక్ష్మి. "ఎవరైనా అడిగితే ఈ పేరు చెప్పు, ఇక్కడైతే ఆ పేరు చెప్పు" అని ఇంటిదగ్గర చెప్పి పంపిస్తారు. అబద్ధమాడకూడదని పది ఆజ్ఞల్లో నేర్చిన బిడ్డ, అదే ఏడాదిలో, అదే బడిలో, నిజం చెబితే నష్టపోతామని నేర్చుకుంటుంది. దీన్ని ఆ తల్లిదండ్రుల మోసమనేవాళ్లు ఒకటి ఆలోచించాలి. ఆ బిడ్డకు రెండు పేర్లు పెట్టింది తల్లిదండ్రులా, ఆ ఉత్తర్వా?

సంఘం కూడా ఇక్కడ చేతులు దులుపుకోలేదు. క్రీస్తులో కులం లేదని చెప్పి, కులం మాటే ఎత్తకుండా చేసింది. మాట ఎత్తనంత మాత్రాన కులం పోలేదు. ఒకే సంఘం పేరుతో మాలపల్లెలో ఒక గుడి, మాదిగపల్లెలో ఒక గుడి ఉన్న ఊళ్లు ఎన్నో. పెళ్లిళ్లు ఎవరి పల్లెలో వాళ్లవే. బిడ్డ ఈ సంగతి కళ్లారా చూస్తుంది గానీ అడగడానికి బడి దానికి మాట ఇవ్వదు. ఇదే ఆ ఏడాదిలో అసలు కొరత. తలెత్తుకోవడం నేర్పిన బడి, తల ఎవరు వంచారో అడగడం నేర్పలేదు.

ఇప్పుడేం చెయ్యాలి?

ఆ బళ్లు ఇవాళ చాలావరకు మూతపడ్డాయి, మిగిలినవి చిక్కిపోయాయి. పిల్లలు ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బళ్లకు పోయారు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థల సిబ్బందిని తనలో కలుపుకోవడానికి దిగినప్పుడు మరికొన్నిటికి నూకలు చెల్లాయి. నిరసనల తర్వాత ఎవరిష్టం వాళ్లదన్నారు గానీ చెదిరిన బడి మళ్లీ కుదురుకోవడం తేలిక కాదు. దొరలు పోయాక ఆ స్థలాల కోసం తగువులాడుకున్న సంఘ పెద్దలకు బడి మీద అంత పట్టింపు కనిపించలేదు.

మిగిలిన బళ్లలోనైనా, పల్లె సండే స్కూళ్లలోనైనా ఒకటో తరగతి నుంచే మూడు పనులు మొదలు కావాలని మా అభిప్రాయం. పేరయ్య కథ, వెల్లంపల్లి కథ, ఆదివారం కోసం దెబ్బలు తిన్న తాతల కథ ఆ ఊరి పిల్లలకు ఆ ఊరి మాటల్లో చెప్పాలి. డప్పుని, అవ్వ పాటని గుమ్మం బయట ఆపకూడదు. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధకు కూర్చోబెట్టకూడదు. ఆ సమ్మతి అడగడానికి మిషన్ బడి జంకనక్కర్లేదు. అడిగి కూర్చోబెట్టుకున్న బడికే, మూడో పేరాని తియ్యమని ప్రభుత్వాన్ని నిలదీసే నైతిక బలం ఉంటుంది.

అక్షరాలు ఏ బడైనా నేర్పగలదు. ఉన్న ఒక్క పేరుని దాచుకోకుండా చెప్పగలిగే ధైర్యాన్ని మాత్రం మన బడే నేర్పాలి. ఆ పేరు చెప్పినందుకు బిడ్డ నష్టపోకుండా చూడటం పెద్దల పని, మనందరి పని.